ఊరి కరెంటు, పల్లె కరెంటు: విద్యుత్ వ్యాపారం మారిన తీరు

మా అమ్మ దగ్గర ఒక రేకుపెట్టె ఉంది. అందులో ఇంటి పట్టా నకలు, రేషన్ కార్డులు, మా పదో తరగతి సర్టిఫికెట్టు, వాటి కింద దారంతో కట్టిన కరెంటు కాగితాలు. చదువు రాని మనిషి కాబట్టి ఏ కాగితం పనికొస్తుందో ఏది రాదో తేల్చుకోలేక అన్నీ దాచింది. యూనివర్సిటీకి పోయి పరిశోధనలో చేరాక 'ఆర్కైవ్' అన్న మాట మొదటిసారి విన్నాం. పటమటలో మా ఇంటి ఆర్కైవ్ ఆ రేకుపెట్టే అని అప్పుడు అర్థమయింది.

ఆ కరెంటు కాగితాలన్నీ ఒకే సర్వీసువి. ఒకే వీధి, ఒకే గుమ్మం. కానీ పైన అచ్చేసిన పేర్లు నాలుగు. పాతవాటి మీద రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు. 1999 ఫిబ్రవరి తర్వాత ట్రాన్స్‌కో. 2000 ఏప్రిల్ నుంచి తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ. 2020 ఏప్రిల్ నుంచి విజయవాడ కేంద్రంగా కొత్తగా ఏర్పడ్డ మధ్య ప్రాంత పంపిణీ సంస్థ. బోర్డు ఎందుకు పోయిందో, కంపెనీలు ఎందుకొచ్చాయో ఆర్థికవేత్తలు రాశారు, ఇంజనీర్లు రాశారు, వామపక్షాలవాళ్ళు పుస్తకాలేశారు, దెబ్బలు కూడా తిన్నారు. ఆ రాతల్లో మనకు రెండు పాత్రలే పదే పదే కనపడతాయి. ఒకటి రైతు, రెండు వినియోగదారుడు. పొలం లేక, మొన్న మొన్నటిదాకా మీటరూ లేక బతికిన మాల మాదిగలు ఈ రెండింట్లో ఎక్కడున్నారు?

ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నది ఇదే. కరెంటు వ్యాపారం తన రూపు మార్చుకున్న ప్రతిసారీ దళితవాడను తన ఖాతాలో ఒక కొత్త పద్దు కింద రాసుకుంది. మొదట లెక్కకు రాని చోటుగా, తర్వాత ఒక్క బల్బుగా, ఆ తర్వాత రాయితీగా, ఇవాళ ఇంటికప్పుగా. యజమాని అని మాత్రం ఏ పద్దులోనూ రాయలేదు.

యజమాని ఎవరన్న ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా ఉన్నారు. అప్పట్లో విద్యుత్ వ్యవహారాలు ఆ శాఖ కిందే ఉండేవి. యుద్ధానంతర పునర్నిర్మాణం కోసం వేసిన విధాన కమిటీలో 1943 అక్టోబరు 25న ఆయన చేసిన ప్రసంగం మొత్తం కరెంటు గురించే. కరెంటు ప్రయివేటు చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలో ఉండాలా అన్నది ఆయన సభ్యుల ముందు పెట్టిన ప్రశ్నల్లో ముఖ్యమైనది. చవగ్గా, పుష్కలంగా కరెంటు లేకపోతే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకపోతే భూమి మీదే పడి బతుకుతున్న కోట్ల జనానికి విముక్తి లేదు అన్నది ఆయన వాదన సారం. ఇది భూమి లేనివాడి వైపు నుంచి వేసిన లెక్క. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఆయన హయాంలోనే ఏర్పడింది. రాజ్యాంగం రాసిన అంబేద్కర్‌కు దండలేసే మన సభల్లో కరెంటు శాఖ చూసిన అంబేద్కర్ గురించి ఎవరూ ఎత్తరు. మేము కూడా ఎం.ఏ. అయ్యేదాకా వినలేదు.

1910 చట్టం కింద లైసెన్సు పుచ్చుకున్న కంపెనీలు లాభం వచ్చే పట్టణాల్లో తీగలు లాగేవి. పల్లెటూళ్ళ జోలికి పోవాల్సిన అవసరం వాటికి లేదు. 1948 విద్యుత్ సరఫరా చట్టం ఈ పద్ధతిని మార్చి రాష్ట్రాల్లో బోర్డులు పెట్టింది. మన రాష్ట్రంలో బోర్డు 1959లో వచ్చింది. ఉత్పత్తి, సరఫరా, పంపిణీ అన్నీ ఒకే చేతిలో. ఫ్యాక్టరీల దగ్గర, పెద్ద వాడకందార్ల దగ్గర ఎక్కువ వసూలు చేసి మిగతావాళ్ళకు తక్కువకు ఇవ్వడం దాని వ్యాపార సూత్రం. పటమటకు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1979లో నడిచింది. ఇవాళ దానిపేరు నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. తాతారావు అప్పటి బోర్డు ఛైర్మన్. 2023 చివర్లో 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్ కూడా వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చింది.

బోర్డు కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళతో మాకు సగం ఏకీభావం. మిగతా సగం దగ్గర మా అమ్మమ్మ అడ్డం వస్తుంది. పామర్రు అవతల ఆమె ఊళ్ళో రైసుమిల్లుకు కరెంటొచ్చింది. పెద్దకాపుల ఇళ్ళకు వచ్చింది, వీధి స్తంభాలు రచ్చబండ దాటి కాలవ గట్టుదాకా వచ్చి ఆగినయ్యి. గట్టు అవతల పల్లె. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఊరు అంటే ఏంటో, పల్లె అంటే ఏంటో పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. 'ఊరికి కరెంటొచ్చిన చాలా ఏళ్ళకు గానీ మాకు బుడ్డిదీపం పోలేదు' అనేది ఆమె.

ఇదేదో లైన్‌మన్ చేసిన తప్పు అనుకుంటే పొరపాటు. ఇది నిర్వచనంలోనే ఉంది. 1997 అక్టోబరు దాకా మన దేశంలో ఒక గ్రామం విద్యుదీకరణ అయిందనడానికి ఆ రెవెన్యూ హద్దుల లోపల ఎక్కడో ఒకచోట, ఏదో ఒక పనికి కరెంటు వాడితే చాలు. ఒక్క మోటారు తిరిగితే గ్రామమంతా వెలిగినట్టే. 1997లో దాన్ని మార్చి, జనం నివసించే చోట వాడాలి అన్నారు. జనం అంటే ఊరు అనుకుంటే అదీ సరిపోయింది. 2004లో వచ్చిన నిర్వచనంలో గానీ 'దళిత బస్తీ' అన్న మాట పడలేదు. ఊళ్ళోనూ, దళిత బస్తీ ఉంటే అందులోనూ ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు ఉండాలి, కనీసం 10 శాతం ఇళ్ళకు కరెంటు ఉండాలి అని అప్పుడు రాశారు. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్ళకు పల్లె కూడా గ్రామంలో భాగమే అని కరెంటు శాఖ ఒప్పుకుంది. అప్పుడు కూడా నూటికి తొంభై ఇళ్ళు చీకట్లో ఉన్నా కాగితం మీద వెలుగే.

అంతకు ముందు మనవాళ్ళకు ఏమీ ఇవ్వలేదా అంటే ఇచ్చారు. 1969లో పుట్టిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ హరిజన బస్తీలకు ప్రత్యేకంగా అప్పులిచ్చింది. 1988-89లో కుటీర జ్యోతి వచ్చింది. ఆ పథకంలో ఇంటికి ఒక్క దీపం. ఫ్యాను లేదు, ప్లగ్గు లేదు. ఆ ఒక్క దీపం కిందే మా తరం అక్షరాలు దిద్దిన మాట నిజం, దాన్ని మేము చిన్నచూపు చూడం. కానీ అదే కాలంలో బోర్డు వ్యవసాయ మోటార్లకు మీటర్లు తీసేసి హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున స్లాబు రేటు పెట్టింది. ఎంత తోడుకుంటే అంత. కాలవ నీళ్ళు పారే డెల్టాలో మెట్టప్రాంతం కన్నా మోటార్లు తక్కువే, నిజమే. కానీ మోటారు ఎవరికి ఉంటుంది? బోరుండాలంటే చెలక ఉండాలి. 2004 మేలో రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం పెట్టినప్పుడు, కౌలుకి కూడా ఎకరం దొరకని కూలికి ఆ సంతకంలో వాటా ఎంత? ఉచిత కరెంటును మేము వ్యతిరేకించడం లేదు. రాయితీ భూమికి కట్టేసి ఉందని గుర్తు చేస్తున్నాం.

1995లో హితేన్ భయ్యా కమిటీ బోర్డును ముక్కలు చెయ్యమని సిఫారసు చేసింది. 1998లో రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో జెన్‌కో, ట్రాన్స్‌కో విడిపోయాయి. అదే నెలలో ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ ఏప్రిల్లో రెగ్యులేటరీ కమిషన్, మరుసటేడు నాలుగు డిస్కంలు. సంస్థలన్నీ ప్రభుత్వానివే, కానీ లెక్క మారింది. ఇక మీదట ప్రతి యూనిట్‌కూ ఖర్చు రాబట్టాలి. 2000లో చార్జీలు పెరిగాయి, దొంగ కరెంటు మీద కఠినమైన చట్టం వచ్చింది, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుకు వ్యతిరేకంగా వెళ్ళిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ చరిత్ర అందరికీ తెలిసిందే.

తక్కువ మందికి తెలిసిన సంగతి కొండపల్లిలో జరిగింది. 2000లో అక్కడ ల్యాంకో కంపెనీ 368 మెగావాట్ల గ్యాసు కేంద్రం నడిపించింది. తర్వాత ఇంచుమించు అంతే సామర్థ్యంతో రెండోది కట్టింది. ప్రయివేటు ఉత్పత్తిదారులతో చేసుకునే ఒప్పందాల్లో ధర రెండు భాగాలుగా ఉంటుంది. పెట్టుబడికి స్థిర చార్జీ ఒకటి, ఇంధనానికి చర చార్జీ ఒకటి. కేంద్రం సిద్ధంగా ఉందంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా మొదటిది కట్టాలి. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు తగ్గిపోయాక ఈ కేంద్రాలు చాలావరకు మూలపడ్డాయి. 2018లో ల్యాంకో మాతృసంస్థ దివాలా తీసి లిక్విడేషన్‌కు పోయింది. అప్పుల నష్టం ప్రభుత్వ బ్యాంకులు మోశాయి.

ఈ కంపెనీల లెక్కలో మనకు తగిలిన పెద్ద దెబ్బ బిల్లుది కాదు, ఉద్యోగానిది. మా పేటలో నెలజీతం అన్న మాట మొదట విన్నది కరెంటాఫీసు హెల్పరు ఇంట్లోనే. బోర్డు రిజర్వేషన్ ఉన్న యజమాని. స్తంభాలు మోసి, గోతులు తవ్వి, కాంట్రాక్టు కూలీలుగా ఏళ్ళ తరబడి చేసినవాళ్ళను ఖాళీ పోస్టుల్లోకి తీసుకోవడానికి 1997 మేలో బోర్డు 36వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. దాని కోసం తర్వాత ఎంతోమంది కోర్టుల చుట్టూ తిరిగారు. కంపెనీలు వచ్చాక రెగ్యులర్ పోస్టుకు రిజర్వేషన్ అట్టాగే ఉంది, పోస్టే సన్నగిల్లింది. సబ్‌స్టేషన్ షిఫ్టు ఆపరేటరు, బిల్లు కొట్టే కుర్రాడు, థర్మల్ కేంద్రంలో బూడిద ఎత్తే మనిషి ఏజెన్సీ మనుషులయ్యారు. ఏజెన్సీకి రోస్టరు పాయింటు లేదు. 2019లో సచివాలయాల పేరుతో జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 పోస్టులు వేలల్లో భర్తీ చేసినప్పుడు మన పిల్లలు చాలామంది స్తంభమెక్కారు. ప్రభుత్వం తల్చుకుంటే ఉద్యోగాలు ఉంటాయని దాన్నిబట్టే తెలుస్తోంది.

పటమట పక్కనే ఆటోనగర్. లారీ బాడీలు కట్టే, వెల్డింగు చేసే, లేతు పట్టే వేలమందిలో మా నాన్న ఒకడు. 2012లో పరిశ్రమలకు వారానికి ఇన్ని రోజులని పవర్ హాలిడే పెట్టారు. 2022 ఏప్రిల్లో బొగ్గు కొరతని చెప్పి మళ్ళీ పెట్టారు. సప్లై లేని రోజు షాపుకు అద్దె నష్టం, పనివాడికి కూలి నష్టం. షాపు నష్టం గురించి సంఘాలు వినతిపత్రాలిచ్చాయి, పేపర్లలో వచ్చింది. కూలి నష్టం ఏ కాగితంలోనూ లేదు. ఆటోనగర్‌లో ఆ రోజు తిరిగొచ్చిన మనిషి ఇంట్లో ఫ్యాను కింద పడుకుందామన్నా ఫ్యాను తిరగలేదు.

ఇక బిల్లు సంగతి. 2022 ఏప్రిల్ ముందు దాకా నెలకు 75 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.45 చొప్పున పడేవి. అంటే 50 యూనిట్లకు 72 రూపాయల 50 పైసలు. కొత్త స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90, ఆ తర్వాత 75 దాకా 3.00. అదే 50 యూనిట్లకు ఇప్పుడు 57, 60 కలిపి 117 రూపాయలు. అదే ఉత్తర్వులో అన్నిటికన్నా పై స్లాబు 9.95 నుంచి 9.75కు దిగింది. కైకలూరు వైపు చేపల చెరువుల్లో గాలి చక్రాలు తిప్పడానికి యూనిట్ 1.50కే ఇస్తూ 2019లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చెరువు గట్టున కాపలా గుడిసెలో ఉండే మనిషి తన ఇంటి బల్బుకు చెరువు కన్నా ఎక్కువ రేటు కడతాడన్నమాట. ఇది మేము కల్పించింది కాదు, రెండు ఉత్తర్వులూ పక్కన పెట్టుకుని చదివితే చాలు.

దీని మీద సర్దుబాటు చార్జీ ఒకటి. అంచనా వేసిన దాని కన్నా ఎక్కువ రేటుకు కరెంటు కొన్నామని డిస్కంలు తర్వాత వచ్చి తేడా అడుగుతాయి. 2022-23 తేడా కింద 6,072 కోట్లు 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వెయ్యడానికి కమిషన్ అనుమతించింది. ఈ చార్జీ మనిషి వెంట పోదు, సర్వీసు నంబరు వెంట పోతుంది. రెండేళ్ళ కింద ఆ గదిలో ఉండి పోయినవాడి వాడకానికి ఇవాళ అద్దెకున్నవాడు కడతాడు. విజయవాడలో అద్దె గదుల్లో ఉండే మన కుర్రాళ్ళను అడిగి చూడండి.

ఎస్సీ, ఎస్టీలకు ఉచితం కదా అని అడగొచ్చు. సబ్‌ప్లాన్ చట్టం వచ్చిన 2013లో నెలకు 50 యూనిట్లలోపు వాడే ఇళ్ళకు మొదలయింది. తర్వాత పరిమితి పెరిగి 2019 జులైలో 200 యూనిట్లయింది. జగజ్జీవన జ్యోతి అని పేరు. మా అమ్మ కాగితాల్లో సున్నా బిల్లులు ఆ కాలానివే. ఆ సున్నా మా ఇంట్లో మిక్సీ, చిన్న ఫ్రిజ్జు తెచ్చిందని ఒప్పుకోవాలి. కానీ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, అది ఎస్సీ కాలనీల్లో, తండాల్లో ఉండే ఇళ్ళకు ఇచ్చిన రాయితీ. వెలివాడ చిరునామా ఉంటేనే హక్కు. చదువుకుని, చిన్న ఉద్యోగం దొరికి, నానా తిప్పలూ పడి, కులం దాచుకునో చెప్పుకునో బెంజి సర్కిల్ దగ్గర గది సంపాయించినవాడు కాలనీ దాటాడు కాబట్టి ఆ రాయితీ దాటిపోయింది. రెండు, ఆ సున్నా డిస్కం ఇచ్చింది కాదు. మన సబ్‌ప్లాన్ డబ్బులోంచి సాంఘిక సంక్షేమ శాఖ డిస్కంకు కట్టేది. కంపెనీ పుస్తకంలో మనం ఉచితంగా వాడుకునేవాళ్ళం కాదు, ప్రభుత్వం తరఫున బిల్లు వచ్చే ఖాతాదారులం. ఊళ్ళో జనం 'మీకన్నీ ఫ్రీ' అన్నప్పుడు చెప్పాల్సిన జవాబు ఇది.

ఇప్పుడు వ్యాపారం మళ్ళీ రూపు మారుస్తోంది. 2021లో కేంద్రం తెచ్చిన పంపిణీ సంస్కరణ పథకంలో ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు ఉన్నాయి. మీటరు కొనేది, బిగించేది, చదివేది ప్రయివేటు ఏజెన్సీ. దానికి డిస్కం నెలకింత చొప్పున ఏళ్ళ తరబడి కడుతుంది. బిల్లు కొట్టే కుర్రాడి పని దానితో పోతుంది. మరోపక్క ఎండ కరెంటు చవకయింది. పగలు మిగులు, సాయంత్రం కొరత. పెద్ద కేంద్రం ఒక్కచోట కట్టి అందరికీ పంచే పాత పద్ధతి పక్కన, వేల కప్పుల మీద చిన్న చిన్న కేంద్రాలు పెట్టే పద్ధతి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు కేంద్రం 60 వేల రాయితీ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 20 లక్షల ఎస్సీ, ఎస్టీ ఇళ్ళ మీద 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. కిలోవాటుకు నెలకు 120 యూనిట్ల లెక్కన 240 వస్తుంది. 200 ఇంటికి పోగా మిగతాది తీగల్లోకి. ఇళ్ళవాళ్ళు ఎవరికివాళ్ళు కొనుక్కోరు, డిస్కమే అందరినీ పోగుచేసి టెండరు పిలిచి పెట్టిస్తుంది.

దీన్ని మేము తీసిపారెయ్యడం లేదు. బొగ్గు బూడిద పీల్చే ఇబ్రహీంపట్నం జనానికి ఎండ కరెంటు మంచిదే. కానీ మా పేటలో చూసిన సంగతి చెప్పాలి. సర్వే అని వచ్చినవాళ్ళు ముందు పైకి చూశారు, స్లాబు ఉందా రేకులా అని. 2 కిలోవాట్లకు 200 చదరపు అడుగుల దాకా నీడ పడని చోటు కావాలి. సెంటు, సెంటున్నర జాగాలో అన్నదమ్ములు ముగ్గురు మూడు మీటర్లు పెట్టుకుని ఒకే కప్పు కింద ఉన్నారు. ఒక కప్పు మీద ఒకరి పలకలే పడతాయి. రేకుల ఇళ్ళవాళ్ళ పేర్లు పక్కన ఏదో రాసుకుని పోయారు. పట్టా చనిపోయిన తాత పేరున ఉన్నచోట ఏం రాశారో తెలీదు. అద్దెకున్నవాళ్ళను అడగనే లేదు.

కేంద్రం మార్గదర్శకాల్లో ఈ తరహా ప్లాంట్లు కనీసం 5 ఏళ్ళు పెట్టిన సంస్థ చేతిలోనో డిస్కం చేతిలోనో ఉంటాయి. ఆ తర్వాత ఇంటివాళ్ళకు బదిలీ చెయ్యొచ్చు. 'చెయ్యొచ్చు' అన్న మాట దగ్గరే మన పని ఉంది. ఇన్నాళ్ళూ సబ్‌ప్లాన్ నుంచి డిస్కంకు వెళ్ళిన రాయితీ, ఇంటి మీద 200 యూనిట్లు పండితే ఆమేరకు మిగులుతుంది. ఆ మిగులు తిరిగి దళితుల పద్దులోకే వస్తుందా? రేకుల ఇళ్ళకు, అద్దె ఇళ్ళకు పాత 200 యూనిట్లు కొనసాగుతాయా? పలక పగిలితే, ఇన్వర్టరు కాలితే బాగుచేసేది ఎవరు? ఇల్లు పైకి కట్టుకోవాలంటే ఎవర్ని అడగాలి?

మా అమ్మ ముందు ఫారం పెట్టినప్పుడు ఆమె అడిగింది ఇంతే: 'అబ్బాయా, సంతకం నాది, కప్పు నాది. ఆ అద్దాలు ఎవరి పేరున ఉంటయ్యిరా?' వచ్చినవాళ్ళు ఆఫీసులో చెబుతారన్నారు. మేము ఆఫీసుకు పోతే ఒప్పందం నకలు తర్వాత వస్తుందన్నారు. అమ్మ వేలిముద్ర వెయ్యలేదు, ఫారం కూడా తిరిగి ఇవ్వలేదు. మడిచి రేకుపెట్టెలో పెట్టింది.

పేటల్లో పనిచేసే మిత్రులు ఈ ఫారాలు సంతకాలకు ముందే తెలుగులో చదివించాలి. యాజమాన్యం ఎన్నేళ్ళకు, ఎవరికి మారుతుందన్న వాక్యం ఏ పేజీలో ఉందో చూపించమనాలి. నకలు చేతికి రాకుండా వేలిముద్ర వెయ్యనివ్వొద్దు. మీ జిల్లాల్లో వచ్చిన ఫారాల నకళ్ళు పత్రికకు పంపితే అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివే పని మేము చేస్తాం.